38 ఏళ్ల పాత డాబా ఇల్లు బాగు చేసిన మా మేస్త్రి గారి టీం: కాకినాడ, ఏడు నెలల పని, పూర్తి రివ్యూ

పాత ఇల్లు కొని, బాగు చేయించి, కొన్నాళ్ళు అద్దెకిచ్చి తర్వాత అమ్ముదాం అనుకునేవాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నా. కాస్త పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి. మాకు పని చేసింది కంపెనీ కాదు. ఆఫీసు లేదు, బోర్డు లేదు, ఒక తాపీ మేస్త్రి గారు, ఆయన దగ్గర ఇద్దరు తాపీ పనివాళ్ళు, నలుగురు కూలీలు, ఆయన పిలిస్తే వచ్చే ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వడ్రంగి, అంతే. పేరూ నంబరూ పెట్టొద్దమ్మా, ఉన్న పనులే చేసుకోలేకపోతున్నాం అన్నారు కాబట్టి పెట్టట్లేదు. కానీ ఆయన ఎలా చేశారో, మా డబ్బు ఎక్కడ పెట్టించారో, ఎక్కడ వద్దని ఆపారో చెప్తే మీ ఊళ్ళో మేస్త్రిని పెట్టుకునేటప్పుడు ఏం అడగాలో మీకు తెలుస్తుంది.

ముందు ఇల్లు సంగతి. కాకినాడ జగన్నాథపురంలో 160 గజాల స్థలం, అందులో 1987లో కట్టిన ఒకే అంతస్తు డాబా ఇల్లు, 1050 అడుగులు, ముందు చిన్న వరండా, వెనక పెరడు, నుయ్యి పూడ్చేసిన గుర్తు. 2024 సెప్టెంబర్‌లో 62 లక్షలకి కొన్నాం. రిజిస్ట్రేషన్‌కి స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం, అంటే ఇంకో 4 లక్షల 65 వేలు. చాలామంది ఇల్లు బేరం ఆడేటప్పుడు ఇది లెక్కలో వేసుకోరు, తర్వాత రిపేర్ల డబ్బులోంచి తీసి కడతారు. లింకు డాక్యుమెంట్లు (ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు), ఈసీ (ఇంటి మీద అప్పులూ లావాదేవీలూ చూపించే సర్టిఫికెట్) అన్నీ మా ఆయనే కూర్చుని చూసుకున్నారు, అందులో ఇబ్బంది రాలేదు. అమ్మినాయన పెద్దాయన, పిల్లలు హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. 1996 నవంబర్ తుఫానుకి చుట్టుపక్కల రేకులన్నీ ఎగిరిపోయినా ఇది చెక్కు చెదరలేదమ్మా అని గోడ మీద చెయ్యేసి చెప్పారు. ఆ మాట నిజమే, గోడలు తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, బలంగా ఉన్నాయి. ఇబ్బంది అంతా పైన స్లాబులో ఉందని కొన్నప్పుడు మాకు తెలీదు.

హాల్లో ఒక మూల, వంటింట్లో పొయ్యి గట్టు పైన స్లాబుకి గోధుమరంగు మరకలు, ఒకచోట చిన్న పెచ్చు ఊడి ఉంది. పాత ఇల్లు కదా, ఉంటాయిలే, రంగులేస్తే పోతుంది అనుకున్నాం. ముందుగా ఒక ఇంటీరియర్ కంపెనీ వాళ్ళని పిలిచాం (ఏ కంపెనీ అని అడగొద్దు), అన్నీ మేమే చూసుకుంటాం, తాళాలిచ్చి వెళ్ళండి, 60 రోజుల్లో కొత్తిల్లు అన్నారు. ట్యాబ్‌లో బొమ్మలు చూపించారు, చాలా బాగున్నాయి, అబద్ధం చెప్పను. మొజాయిక్ ఫ్లోర్ మీద విట్రిఫైడ్ టైల్స్, హాలుకీ రెండు బెడ్‌రూములకీ ఫాల్స్ సీలింగ్, దాని చుట్టూ లైట్లు, మాడ్యులర్ కిచెన్, మొత్తం 19 లక్షల 80 వేలు. స్లాబు మరకల గురించి మా అత్తగారు అడిగితే అది ఫాల్స్ సీలింగ్‌లో కవర్ అయిపోతుందండి అన్నారు. అప్పటికి మాకూ ఆ జవాబు బాగానే అనిపించింది. డిజైన్‌కని 50 వేలు అడ్వాన్స్ ఇచ్చాం. తర్వాత వద్దనుకున్నప్పుడు అందులో 20 వేలే వెనక్కొచ్చాయి, అదీ రెండు నెలలు తిరిగితే.

మేస్త్రి గారు ఎలా దొరికారంటే, మా ఆయన ఆఫీసులో ఒకాయన ఇంటి బాత్‌రూం లీకేజీ ఆయనే ఆపారు. ఒక ఆదివారం పొద్దున్నే వచ్చారు. సైకిల్ మీద, చేతిలో చిన్న సుత్తి, జేబులో టేపు. లోపలికొచ్చి కిచెన్ ఎక్కడ కావాలి, టైల్స్ ఏవి అని ఏం అడగలేదు. ఒక బల్ల అడిగి దానిమీదెక్కి స్లాబు అడుగుని సుత్తితో అంగుళం అంగుళం కొట్టుకుంటూ వెళ్ళారు. కొన్నిచోట్ల గట్టిగా టంగుమంది, కొన్నిచోట్ల డొల్ల శబ్దం వచ్చింది. డొల్ల వచ్చిన చోటల్లా బొగ్గు ముక్కతో గీత గీశారు. గంట పట్టింది. హాల్లో దక్షిణం వైపు, వంటిల్లు దాదాపు సగం, వెనక గుమ్మం మీద సజ్జ మొత్తం గీతలే. కిందకి దిగి, "అమ్మా, ఇది ఇలా ఉంచి కింద అందమైన సీలింగ్ కడితే ఓ రోజు పెచ్చు ఊడి సీలింగ్‌తో సహా మీద పడుద్దండి. నాకు పని ఇవ్వకపోయినా పర్లేదు, ముందు ఇంజనీరు గారికి చూపించండి" అన్నారు. మా ఆయన, మరి మీరే చేసేయొచ్చు కదా అంటే, "ఆయ్, కొట్టి చెప్పడం వరకే నా పనండి, కడ్డీ ఎంత తిన్నదో చెప్పాల్సింది ఆయన" అన్నారు. తనకొచ్చే పని ఆపుకుని మరీ ఇంజనీరు దగ్గరికి పంపారు. మాకు ఆయన మీద నమ్మకం కుదిరింది ఆ రోజే.

స్ట్రక్చరల్ ఇంజనీరు గారి ఫీజు 6 వేలు. మొత్తం ఖర్చులో ఇంత విలువైన ఆరు వేలు ఇంకోటి లేదు. ఆయన రెండుచోట్ల స్లాబు కొంచెం చెక్కించి, ఫినాఫ్తలీన్ అనే మందు స్ప్రే కొట్టారు. కాంక్రీటు బాగున్న చోట గులాబీ రంగు తిరిగింది, పాడైన చోట రంగే రాలేదు. కొత్త కాంక్రీటులో క్షార గుణం ఉంటుందట, అది ఉన్నంతకాలం లోపలి ఇనుముకి తుప్పు పట్టదు. ఏళ్ళు గడిచేకొద్దీ గాలి లోపలికి దిగి ఆ గుణం పోతుంది, పైగా మాది సముద్రపు ఊరు, గాలిలో ఉప్పు. మా ఇంట్లో అయితే కడ్డీల కింద కవర్, అంటే కడ్డీని కప్పి ఉంచే కాంక్రీటు మందం, కొన్నిచోట్ల అరంగుళం కూడా లేదు, అప్పట్లో కట్టినవాళ్ళు కవర్ బిళ్ళలు సరిగ్గా పెట్టలేదు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, అసలు ఇనుముకంటే రెండింతల పైనే చోటు తీసుకుంటుంది, అది కింద ఉన్న కాంక్రీటుని తోసేస్తుంది, అదే పెచ్చు ఊడటం. మేమేమో పైనుంచి నీళ్ళు కారి మరక పడిందనే అనుకుంటున్నాం, నీళ్ళూ కారుతున్నాయి, కానీ లోపల జరిగేది ఇది. దూలాలు బాగున్నాయి, స్లాబు నిలబెట్టొచ్చు, సజ్జ మాత్రం తీసేసి కొత్తది పోయాల్సిందే అని ఆయన రాసిచ్చారు. ఆ రెండు పేజీల కాగితం పట్టుకునే మేస్త్రి గారితో రేటు మాట్లాడుకున్నాం.

2025 సంక్రాంతి వెళ్ళాక పని మొదలైంది. స్లాబు రిపేరు గురించి వివరంగానే రాస్తా, ఎందుకంటే చాలాచోట్ల దీన్ని ఊడిన చోట సిమెంటు మెత్తేసి లప్పం పెట్టేసి రంగు కొట్టేస్తారు, ఏడాది తిరక్కుండా మళ్ళీ ఊడుతుంది. మేస్త్రి గారు ముందు స్లాబు కింద జాకీలు (బరువు మోసే ఊతాలు) పెట్టించారు. తర్వాత గీతలు గీసిన చోటల్లా ఉలి, సుత్తితో చేత్తోనే చెక్కించారు, మెషిన్ పెడితే బాగున్న కాంక్రీటు కూడా అదురుతుందని పెట్టనివ్వలేదు. కడ్డీ కనపడగానే ఆపేయకుండా దాని వెనక వేలు దూరేంత వరకు చెక్కారు, కడ్డీ చుట్టూ వైర్ బ్రష్ తిరగాలి కదా. ఇనుము మెరిసేదాకా తోమించి, అదే రోజు జింక్ ప్రైమర్ కొట్టించారు, రేపు కొడదాం అంటే కాకినాడ గాలికి రాత్రికే మళ్ళీ ఎర్రబడుతుందట. కడ్డీ బాగా సన్నబడిన చోట ఇంజనీరు గారు చెప్పినట్టు పక్కన కొత్త కడ్డీ వేసి, రెండు వైపులా గట్టి కడ్డీ మీదకి కొంత పొడవు ఎక్కేలా లాప్ వదిలి కట్టారు. ఆ తర్వాత పాతదానికి కొత్తది అతుక్కోవడానికి బాండింగ్ కోటు, దానిమీద పాలిమర్ కలిపిన మోర్టార్, ఒకేసారి దట్టంగా కాకుండా పొర తర్వాత పొర. వారం పైన తడి గోనెలు కట్టి ఉంచారు. స్లాబు అడుగున గోనె ఎలా నిలుస్తుందని నాకు అనుమానం, జాకీల మీద పలకలు పెట్టి వాటితో అదిమి పెట్టారు.

తడపడానికి మనిషిని పెడితే రోజుకి 600 అవుతుందని మా అత్తగారు తనే వెళ్ళేవారు, రెండు వీధుల అవతలే మా ఇల్లు. "పెద్దమ్మగారు ఉంటే మాకు ఇంకో మేస్త్రి ఉన్నట్టేనండి" అనేవారు మేస్త్రి గారు, అది ముఖస్తుతి కాదు, ఆవిడ నీళ్ళు పట్టిన టైములు క్యాలెండర్ మీద రాసేవారు.

డాబా పని వానల ముందే అయిపోవాలని ఏప్రిల్, మే నెలల్లో చేయించాం. పైన పాతకాలం పద్ధతిలో ఇటుక జల్లి, సున్నం కలిపి వేసిన పొర ఉంది, దాని మీద ఎవరో రెండుసార్లు సిమెంటు పూత, ఒకసారి తారు లాంటిదేదో పూశారు. మా ఆయన దాని మీదే ఇంకో వాటర్ ప్రూఫింగ్ కొట్టిద్దాం అన్నారు, తక్కువలో పోతుంది కదా అని. మేస్త్రి గారు ఒకచోట తవ్వి చూపించారు, కింద జల్లి నానిపోయి ముద్దలా ఉంది, మే నెల ఎండలో కూడా. స్పాంజిలా నీళ్ళు పట్టుకుని కూర్చుంది, పైన ఎంత ఖరీదైన మందు కొట్టినా కిందకి దిగే నీళ్ళు దిగుతూనే ఉంటాయి. అంతా తీయించాం, నాలుగు ట్రాక్టర్ల రబ్బీసు (పగలగొట్టిన చెత్త). స్లాబు కడిగి, బీటలు గాడి కొట్టి పూడ్చి, వందడుగులకి ఒక అడుగు లెక్కన నీళ్ల వాటం పెట్టి కొత్త పొర వేశారు, పిట్టగోడ మొదట్లో చుట్టూ గుండ్రంగా సిమెంటు తిప్పారు, పైన ఫైబర్ జాలీ పరిచి రెండు కోట్లు. తూము గొట్టాలు రెండే ఉండేవి, మూడోది కొత్తగా పెట్టారు, ఇది మేము అడగలేదు, ఆయనే చెప్పి పెట్టారు. చివర్లో తూములు మూసి మూడు రోజులు డాబా నిండా నీళ్ళు కట్టి ఉంచారు. కింద నేను రోజూ వెళ్ళి స్లాబు వంకే చూస్తూ నిలబడేదాన్ని. ఒక్క చుక్క లేదు. మూడో రోజు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, మా ఇద్దరి పొదుపూ మా నాన్నగారు ఇచ్చిందీ కలిపి పెట్టిన ఇల్లు అది.

కరెంటు పని టీంలో ఎలక్ట్రీషియన్ చేశాడు, చిన్న కుర్రాడే కానీ శుభ్రంగా చేశాడు. పాత వైరింగ్ గోడల మీద చెక్క పట్టీలది, ఎర్త్ అనేదే లేదు. మొత్తం తీసేసి గోడల్లో గాడి కొట్టి పైపులు వేసి, లైట్లకి 1.5, ప్లగ్గులకి 2.5, ఏసీలకీ గీజర్‌కీ 4 స్క్వేర్ ఎంఎం వైరు, కొత్త ఎర్తింగ్ గొయ్యి, బోర్డులో 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్). అద్దెకిచ్చే ఇంటికి ఇంత అవసరమా అని చుట్టాలు అన్నారు. అద్దెకున్నవాళ్ళ పిల్లలు తడి చేత్తో స్విచ్ వేస్తారు కదా, మా పిల్లలకి ఒకటీ వాళ్ళ పిల్లలకి ఒకటీ ఎలా పెడతాం. పైపులు పాత జీఐవి (జింకు పూత ఇనుపవి), కోసి చూస్తే లోపల తుప్పుతో పెన్సిల్ దూరేంత సందు మిగిలింది, అవీ మార్చేశాం.

ఇక మొజాయిక్. ఈ ఇంట్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, దీని గురించి అందరూ మమ్మల్ని భయపెట్టారు కూడా. పాత మొజాయిక్ చూస్తే అద్దెకి ఎవరూ రారు, టైల్స్ వేసేయండి అని. మేస్త్రి గారు హాలు మధ్యలో కాస్త నీళ్ళు పోసి చేత్తో రుద్ది చూపించారు. 38 ఏళ్ల మురికి కింద తెల్లటి పొడిలో ఆకుపచ్చ, నల్ల రాళ్ళ ముక్కలు, మధ్యలో గాజు పట్టీలతో గళ్ళు. "ఇప్పుడిలాంటిది పోసే మనుషులే తక్కువండి, దీన్ని కప్పెట్టకండి" అన్నారు. పాలిష్ వాళ్ళని ఆయనే పిలిపించారు. ముందు విరిగిన చోట్ల తెల్ల సిమెంటులో రంగు పొడి, రాళ్ళ ముక్కలు కలిపి పూడ్చి ఆరనిచ్చి, తర్వాత గరుకు రాయితో మొదలెట్టి సన్న రాయి వరకు ఐదుసార్లు నీళ్ళతో తిప్పారు, చివర ఆక్జాలిక్ యాసిడ్‌తో మెరుగు. 850 అడుగులకి అడుక్కి 38 రూపాయలు, 32,300 అయింది. అదే టైల్స్ అయితే, ఎత్తు పెరిగి తలుపులు కోయాలి, గుమ్మాల దగ్గర మెట్టు వస్తుంది, అదంతా వేరే ఖర్చు. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, పాలిష్ చేసేటప్పుడు బూడిదరంగు బురద గోడల మీద మూడడుగుల ఎత్తు దాకా చిందుతుంది, కాబట్టి గోడల రంగు కంటే ముందే ఈ పని అయిపోవాలి.

తలుపులు కూడా అంతే, ఐదారు కోట్ల ఎనామిల్ గీకితే అసలు టేకు బయటపడింది. నాలుగు తలుపులు దక్కాయి. కిటికీల్లో రెండు ద్వారబంధాలు చెదలు తినేశాయి, అవి మాత్రం కొత్తవి.

ఇప్పుడు నచ్చనివి, ఎందుకంటే అవి చెప్పకపోతే ఇది రివ్యూ అవ్వదు. టైము. నాలుగు నెలలన్నారు, ఏడు నెలలు పట్టింది. అందులో నెల పైన స్లాబులో అనుకున్నదానికంటే ఎక్కువ చెక్కాల్సి రావడం వల్ల, అది ఆయన తప్పు కాదు. కానీ మిగతాది మనుషులు రాకపోవడమే. అమావాస్యకి పని ఉండదు, సరే. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఇద్దరు కూలీలు ఊరెళ్ళి పన్నెండు రోజులు రాలేదు, మధ్యలో ఇంకో ఇంటి శంకుస్థాపన ఉందని ఆయనే నాలుగు రోజులు కనపడలేదు, ఫోన్ మధ్యాహ్నం తియ్యరు. బ్యాంకు లోన్ వడ్డీ మీద నడుస్తున్నవాళ్ళకి ఇది బాధే, ఒక్కో నెలా అద్దె పోయినట్టే కదా. మేము ముందే నెలవారీగా ఏ పని ఎప్పటికి అవ్వాలో కాగితం మీద రాసుకోవాల్సింది, రాసుకోలేదు.

రెండోది, వెనక బాత్‌రూంలో నీళ్ల వాటం తేడా వచ్చింది, తూము వైపు కాకుండా గుమ్మం వైపు నీళ్ళు నిలిచాయి. ఆయన లేని రోజు కుర్రాళ్ళు వేసేశారు. చూపించగానే వాదించకుండా టైల్స్ పగలగొట్టి మళ్ళీ వేయించారు, కూలీ ఆయనే పెట్టుకున్నారు, టైల్స్ డబ్బులు 4,200 మాత్రం మేము పెట్టాం. ఆ టైల్స్ కూడా ఆయనే పెట్టుకోవాల్సిందని నా అభిప్రాయం, ఆ మాట ఆయనతో కూడా అన్నా.

మూడోది బిల్లులు. శనివారం శనివారం బట్వాడా, ఒక నోటు పుస్తకంలో రాసుకుంటారు, అంతే, బిల్లు అనే అలవాటే లేదు. అద్దెకి మాత్రమే అయితే పర్లేదనుకోవచ్చు, అమ్మే ఉద్దేశం ఉంటే చాలా పెద్ద విషయం. ఇల్లు కొన్న 24 నెలలు దాటాక అమ్మితే లాంగ్ టర్మ్ కింద లాభం మీద 12.5 శాతం పన్ను, ఆ లోపే అమ్మితే లాభం మన ఆదాయంలో కలిసిపోయి మన ఆదాయపు పన్ను శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. మా ఆయన మొదట్లో ఆరు నెలల్లో బాగు చేసి అమ్మేద్దాం అన్నారు, ఇది తెలిశాకే అద్దెకిచ్చి ఆగుదాం అనుకున్నాం. ఇంటికి శాశ్వతంగా చేర్చిన పనుల ఖర్చు లాభంలోంచి తీసేసుకోవచ్చు, కానీ దానికి కాగితం ఉండాలి. అందుకని మార్చి నుంచి నేనే ఒక బిల్లు పుస్తకం కొనిచ్చి, ప్రతి శనివారం ఏ పనికి ఎంత అని రాయించి సంతకం పెట్టించుకుని, డబ్బు యూపీఐలో వేశా. ఆయనా ఏం అనుకోలేదు, కానీ మొదటి రెండు నెలల లక్షన్నర పైన కూలీకి మా దగ్గర సరైన కాగితం లేదు.

రంగులు సాధారణంగా ఉన్నాయి, అద్భుతం అని చెప్పలేను. పక్క నుంచి లైటు పడితే లప్పం ఎగుడుదిగుడు కనపడుతుంది. రంగులకి వేరే మనిషిని పెట్టుకోవడమే మంచిది.

ఖర్చు చెప్తా. స్లాబు, సజ్జ, డాబా కలిపి 2 లక్షల 60 వేలు. బాత్‌రూములు రెండూ, పైపులూ 2 లక్షల 40 వేలు. రంగులు, లప్పం 1 లక్షా 90 వేలు. వంటిల్లు గ్రానైట్ గట్టు, కింద అలమరాలతో 1 లక్షా 60 వేలు. వైరింగ్ 1 లక్షా 35 వేలు. చెక్క పని 1 లక్షా 10 వేలు. మొజాయిక్ 32 వేల చిల్లర, రబ్బీసు, నీళ్ళ ట్యాంకర్లు, ఇంజనీరు ఫీజు ఇవన్నీ కలిపి మొత్తం 11 లక్షల 40 వేల దగ్గర తేలింది. కంపెనీ చెప్పినదానికీ దీనికీ 8 లక్షల 40 వేల తేడా, పైగా వాళ్ళ లెక్కలో స్లాబు రిపేరూ డాబా పనీ లేనే లేవు.

ఇల్లు ఆగస్టు చివరికి అయింది, సెప్టెంబర్‌లో 17,500కి అద్దెకిచ్చాం. పాత అద్దె 9 వేలు ఉండేది. వినడానికి బాగుంటుంది, కానీ లెక్క వేసుకోండి, ఏడాదికి 2 లక్షల 10 వేలు, మేము పెట్టింది ఇల్లు, రిజిస్ట్రేషన్, రిపేర్లు కలిపి 78 లక్షలు, అంటే మూడు శాతం కూడా రాదు. బ్యాంకులో ఎఫ్‌డీ వేసుకుంటే ఇంతకంటే ఎక్కువ వస్తుంది. పాత ఇల్లు బాగు చేసి అద్దెతో లాభం చేసుకుంటాం అనుకుంటే అది జరగదు, స్థలం విలువ పెరగాలి, ఆలోపు ఇల్లు మన జేబులోంచి మళ్ళీ మళ్ళీ లాగకుండా ఉండాలి. కంపెనీకి ఇచ్చి ఉంటే ఆ 8 లక్షల 40 వేలు సరిగ్గా నాలుగేళ్ల అద్దె. అది పెట్టి, పైన స్లాబు అలాగే ఉంచేసి, రెండేళ్ల తర్వాత కొనడానికొచ్చినవాళ్ళకి ఏమని చెప్పి అమ్మేవాళ్ళం? ఇప్పుడైతే ఇంజనీరు గారి కాగితం, చెక్కినప్పుడు తీసిన ఫోటోలు అన్నీ ఫైల్‌లో పెట్టా, కొనేవాళ్ళకి నేనే ముందు చూపిస్తా.

అసలు పరీక్ష అక్టోబర్ చివర్లో వచ్చింది, మొంథా తుఫాను. 28 రాత్రి మాకు నిద్ర లేదు, గాలి హోరు, కరెంటు లేదు, ఆ ఇంట్లో ఉన్నది జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రిలో) పనిచేసే ఆవిడ, ఆవిడ భర్త, ఇద్దరు చిన్నపిల్లలు. తెల్లారగానే మా ఆయన ఫోన్ చేశారు. ఆవిడ, "అన్నయ్యగారూ, ఇల్లు పొడిగానే ఉందండి, వంటింటి కిటికీ దగ్గర మాత్రం కాస్త తడి వచ్చింది" అన్నారు. వెళ్ళి చూస్తే స్లాబుకి మరక కూడా లేదు, కొత్త ద్వారబంధానికీ గోడకీ మధ్య సన్న సందులోంచి గాలివానకి నీళ్ళు కొట్టాయి. మేస్త్రి గారికి చెప్తే తర్వాతి ఆదివారం వచ్చి సందు పూడ్చి, బయట చిన్న జారుడు కట్టి వెళ్ళారు. డబ్బులిస్తే తీసుకోలేదు, "మా పనిలో సందు ఉండకూడదు కదండీ" అన్నారు.

ఐదుకి నేను నాలుగిస్తా. ఒకటి తగ్గించింది టైముకీ బిల్లులకీ. మీరు పక్క ఊళ్ళో ఉండి, రోజూ వచ్చి చూసుకోలేని వాళ్ళయితే ఇలాంటి టీంతో ఇబ్బంది పడతారు, రోజుకి ఒక్కసారైనా ఇంట్లోవాళ్ళు ఎవరో ఒకరు వెళ్ళి నిలబడాలి, మాకు అత్తగారు ఉన్నారు కాబట్టి జరిగింది. ఎవర్ని పెట్టుకున్నా సరే, మొదటి రోజు అతను స్లాబు వంక చూశాడా, బొమ్మలు చూపించాడా అన్నది గమనించండి, డొల్ల కొట్టిన చోట ఏం చేస్తావు అని అడగండి, కడ్డీ వెనక వరకు చెక్కుతాను అనకుండా పైన మెత్తుతాను అంటే ఇంకొకర్ని చూసుకోండి.

మాకు పెరటి వైపు పిట్టగోడ బయటి ప్లాస్టరింగ్ ఇంకా మిగిలే ఉంది. ఈ సంక్రాంతి వెళ్ళాక వస్తానన్నారు. సిమెంటు ఇప్పుడే తెప్పించి ఉంచమంటారా అని మా ఆయన అడిగితే, "వద్దండి బాబుగారూ, ఈ చెమ్మకి గడ్డకట్టుద్ది, నేనొచ్చే ముందు రోజు చెప్తాను, రెండు బస్తాలు చాలు" అన్నారు.